ఫ్యాన్ వేసుకున్న రెయిన్‌కోటు

కింది వాటా వరండాలో ఫ్యాన్‌కు పట్టిన తుప్పు గీకి రంగు వేయాలని ఆ ఉదయం పెద్దకోడలు స్టూలు తెచ్చుకుంది. ఎక్కేముందు, అలవాటు కొద్దీ మెడ సాచి పై వాటా వరండాలోకి చూసింది. ఒకే కొట్లో, ఒకే రోజు కొన్న జత ఫ్యాన్లవి. తనది వానజల్లుకు మచ్చలు తేలి, తిరిగినంతసేపూ కీచుమంటుంది. తోడికోడలిది మాత్రం నిన్ననే డబ్బాలోంచి తీసినట్టు తళతళలాడుతోంది.

"ఏం రాస్తున్నావే దానికి?"

"ఏమీ లేదక్కా, రోజూ పొడిగుడ్డతో తుడుస్తానంతే," అంది చిన్నకోడలు పైనుంచి.

ఆ 'అంతే' పెద్దకోడలి ఒంటికి కారం రాసినట్టయింది. 'దాస్తోంది, నాకు చెప్పదు' అనుకుంది. రంగు డబ్బా మూసేసి, మొగుడు స్నానానికి వెళ్ళిన అదను చూసి అతని రెయిన్‌కోటు కత్తిరించింది. పెద్ద సంచీలా కుట్టి ఫ్యాన్‌కు తొడిగి, పైన బిగించి కట్టింది.

"నా కోటేదే?" అన్నాడు స్నానం ముగించి వచ్చిన మొగుడు.

"ఫ్యాన్‌కు తొడిగాను."

"మరి నేనో?"

"మీకు తుప్పు పట్టదుగా!"

రెండురోజులు ఏకధాటిగా వాన. కుట్ల సందుల్లోంచి జల్లు దూరి సంచీ కడవలా ఉబ్బింది. మూడోరోజు ఎండ కాసింది. పేపర్లోంచి తల ఎత్తని మామగారు వచ్చి దాని కిందే కూర్చుని, చెయ్యి చాపి స్విచ్చి నొక్కారు. సంచీ అర చుట్టు తిరిగి ఫట్టున చిరిగింది. తుప్పునీళ్ళు ఆయన నెత్తిమీద, పేపరు మీద, చిన్నకోడలు కింది వరండా పిట్టగోడ మీద ఆరేసుకున్న తెల్ల దుప్పట్ల మీద కుమ్మరించాయి.

"కావాలనే పాడుచేశావక్కా!" అంటూ చిన్నకోడలు పరుగున దిగింది.

"నీ కిటుకేదో చెప్పి ఉంటే ఇంతదాకా వచ్చేదా?"

మామగారు ఆ తడిబట్టలతోనే వెళ్ళి ఎలక్ట్రీషియన్‌ను వెంటబెట్టుకొచ్చారు.

"గాలాడకుండా కట్టేస్తే చెమ్మంతా లోపలే ఉండిపోతుందమ్మా. జల్లు కొట్టేచోట తడికి తట్టుకునే రకమే పెట్టుకోవాలి," అన్నాడతను.

"మరి పైదానికేం కాలేదే?" అంది పెద్దకోడలు.

అతను పైకెళ్ళి స్విచ్చి నొక్కాడు. రెక్క కదల్లేదు. మళ్ళీ నొక్కాడు. చిన్నకోడలు తల దించుకుంది.

"నిరుడు వానలకే లోపల కాలిపోయిందక్కా. నీది మచ్చలు పడ్డా తిరుగుతుంటే ఓర్వలేకపోయాను. కనీసం మెరుపులోనైనా నీకంటే మిన్నగా ఉండాలని తుడుస్తున్నా."

ఏడాదిపాటు తాను కుళ్ళుకున్నది కదలని ఫ్యాన్‌ను చూసి అని తెలిశాక, నవ్వాలో ఏడవాలో పెద్దకోడలికి తోచలేదు.

"రెండూ మార్చాల్సిందే," అన్నాడు ఎలక్ట్రీషియన్.

"ముందు మాది!" అన్నారిద్దరూ ఒకేసారి.

అతను నిచ్చెనను మెట్ల మధ్యలో ఆనించి, టీ తాగడానికి వెళ్ళాడు.