ఏడో అడుగు

ఆ ఉదయం గణపతిరావు అనుకున్నవి మూడే పనులు. స్నానం చెయ్యడం, పుస్తకంలో మిగిలిన ఆఖరి అధ్యాయం చదివెయ్యడం, అమ్మవారి పండక్కి ఊరందరి ముందూ ఘటం నెత్తికెత్తుకోవడం.

ఘటం ఎత్తే హక్కు తాతల నాటినుంచి కొండబాబు ఇంటిది. చోడవరం బస్సు కాంప్లెక్సులో కొన్న ఉద్దండ భూపతి జీవితచరిత్ర దాన్ని తిరగేసింది. నూట పన్నెండో పేజీలో రాజుగారి ఇంటిపేరు అచ్చంగా గణపతిరావు ఇంటిపేరే. పెద్దలకు చూపించాడు. అచ్చులో ఉన్నదాన్ని ఎలా కాదంటామని, రాజవంశం వాడని ఈ ఏడు ఘటం అతనికే ఇచ్చారు.

తీరా ఆఖరి అధ్యాయంలో రాజు, సైన్యం జీతాల కోసం అమ్మవారి కిరీటం కరిగించాడు. "నీ ఇంటివాళ్లు గానీ, నీ చుట్టాలు గానీ నా ఘటం ఎత్తితే ఏడో అడుగు వెయ్యరు" అంది అమ్మవారు.

గణపతిరావు పుస్తకం మూసి అరుగు మీది మంచం మీద పడేశాడు. వీధిలో డప్పులు దగ్గరవుతున్నాయి.

"పైడితల్లీ, కాలు బెణికిందే" అన్నాడు భార్యతో.

"మంచం మీద కూకుని సదివితే కాలెలాగ బెణికిందయ్యా? సర్లే, నానెత్తుతాను. ఈ ఇంటిదాన్నే కదా."

ఆమె నెత్తిన గుడ్డ చుట్ట పెట్టుకోవడం చూసేసరికి అతనికి పై ప్రాణాలు పైనే పోయాయి. బెణికిన కాలుతోనే అరుగు మీంచి దూకి, డప్పులవాళ్లు వాకిట్లో దించిన ఘటాన్ని వాటేసుకున్నాడు.

"వద్దే! సచ్చిపోతావు!"

డప్పులు ఆగాయి. శాపం సంగతి అందరికీ చెప్పక తప్పలేదు.

"అయితే ఘటం మాదేనన్నమాట బావా" అంటూ కొండబాబు నవ్వుతూ వంగాడు. వంగినవాడు అలాగే ఉండిపోయాడు. "ఒరే, మా మామ్మ మీ ఇంటాడపడుసే కదరా!"

పెద్దలకు కూడా ఒక్కొక్కరికీ ఒక్కో చుట్టరికం గుర్తొచ్చింది. ఒక్కొక్కరూ వెనక్కి జరిగారు.

కొండబాబు కూతురు రేవతి మంచం మీది పుస్తకం తీసి మొదటి పేజీ తిప్పింది. "ఇంటిపేరూ, శాపమూ రెండూ కల్పించినవేనని ముందుమాటలో రాసేడు కదా మావయ్యా! సూడలేదా?"

"ముందుమాట ఎవలు సదువుతారే?"

ముందుమాట కూడా అచ్చులోనే ఉంది. అయినా ఒక్కరూ ముందుకు రాలేదు.

"ఎండెక్కిపోతంది" అని పైడితల్లి ఘటం ఎత్తుకుంది. గణపతిరావు ఆమె పాదాలే చూస్తూ అడుగులు లెక్కపెట్టాడు. నాలుగు. అయిదు. ఆరు. పైడితల్లి ఆగింది. ఊరంతా ఆగింది.

జారిన కొంగు సర్దుకుని ఆమె నడిచింది.

ఎనిమిదో అడుగు పడగానే, వచ్చే ఏడు ఘటం ఎవరింటిదన్న గొడవ మొదలైంది.