నాలుగున్నర బ్లాస్టింగు

ఆ మంగళవారం పొద్దున శాలిని వేసుకున్న పథకం చాలా చిన్నది. ఏడున్నరకు భర్త జాన్ ప్రసాద్‌కు టిఫిన్ డబ్బా కట్టి డ్యూటీకి పంపాలి. పదకొండుకల్లా బట్టలు ఉతికి ఆరెయ్యాలి. నాలుగింటికి బొగ్గుగని కాలనీలోని తమ క్వార్టర్‌కు తాళం వేసి, రెండు లైన్ల అవతల ఉన్న అనసూర్య ఇంటికి వెళ్ళి, గంటసేపు నడుము తిప్పాలి. ఐదున్నరకు జాన్ ప్రసాద్ ఇల్లు చేరేసరికి, జన్మలో ఎన్నడూ నడుము తిప్పని మనిషిలా టీ పెడుతూ కనిపించాలి.

నడుము తిప్పించేది కెరోలిన్. నస్పూర్ పిల్ల, బెంగుళూరులో కంప్యూటర్ ఉద్యోగం. ఇప్పుడు ఈ గోదావరిఖనిలోనే పిన్ని ఇంట్లో ఉండి, ఇక్కడి నుంచే ఆ ఉద్యోగం చేస్తోంది. బెంగుళూరులో ఆమె ట్రైబల్ ఫ్యూజన్ బెల్లీ డాన్స్ అనే విద్య నేర్చుకుంది. అందులో భుజం, నడుము, పొట్ట దేని పని అది చూసుకుంటాయి, ఒకదాని జోలికి ఒకటి పోదు. గుంపుగా ఆడతారు. ముందు నిలబడిన ఆమె ఏం చేస్తే వెనకవాళ్ళు అది చెయ్యాలి. కెరోలిన్ దీనికి మన డప్పు దరువు కూడా కలిపింది. ఎనిమిది చిన్న అడుగులు వేసి, తొమ్మిదో దెబ్బకు ఎనిమిది మంది ఆడవాళ్ళూ కుడి మడమను ఒక్కసారే నేలకు కొట్టాలి. ఏడుగురి మడమలు ఒక్కసారే పడేవి. శాలినిది అర క్షణం తర్వాత పడేది.

"అక్కా, కంపెనీ దినోత్సవానికి ఇంక రెండు నెలలే ఉన్నయి. స్టేజీ మీద గిట్ల లేటైతే ఎట్ల?" అని కెరోలిన్ తల పట్టుకునేది.

"వస్తది బిడ్డా. మడమ దాక వార్త పోవాలె గద, జర టైం పడ్తది," అనేది శాలిని.

ఇంట్లో మాత్రం ఈ సంగతి చెప్పలేదు; స్టేజీ ఎక్కే రోజు సంగతి ఆ రోజు చూసుకోవచ్చనుకుంది. జాన్ ప్రసాద్ చర్చి కమిటీలో కార్యదర్శి. ఆడవాళ్ళు పాట పాడుతూ చప్పట్లు కొడితే అదే చాలినంత కదలిక అని నమ్మే మనిషి. మొదటి రోజు డ్యూటీకి బయల్దేరుతూ ఆయన "సాయంత్రం యాడికో పోతవట, యాడికే?" అని అడిగితే, శాలిని నోటికి దగ్గర్లో ఉన్న మాట వచ్చేసింది.

"అనసూర్య అక్క ఇంట్ల ప్రార్థన కూటం."

"అనసూర్యనా? ఆమె బోనం ఎత్తుతది గదనే!"

"నుస్రత్ బేగం గూడ వస్తది. అందరికి దేవుడొక్కడేనని మీరే గద మొన్న చర్చిల చెప్పిండ్రు."

తన ప్రసంగానికి ఇంత ఫలితం ఉంటుందని జాన్ ప్రసాద్ అనుకోలేదు. కళ్ళు తుడుచుకుని, "వారానికి మూడు రోజులు పోండ్రి," అని అనుమతి ఇచ్చాడు. మంగళ, గురు, శనివారాలు ఖాయమయ్యాయి.

అనసూర్యది పై అంతస్తు క్వార్టర్. కింద లింగమూర్తి కాక ఉంటాడు. ముప్పై నాలుగేళ్ళు భూగర్భ గనిలో సర్దార్‌గా చేసి రిటైరయ్యాడు. కార్మికులు లోపలికి వెళ్ళకముందే కర్రతో పైకప్పును తట్టి, చప్పుడును బట్టి అది ఆగుతుందో కూలుతుందో చెప్పడం ఆయన పని. ఇప్పుడు చెవులు సగం పోయాయి. తట్టడానికి కప్పు లేదు, చెబితే వినే మనిషి లేడు. అందుకని గూట్లో ఒక స్టీలు గ్లాసు నిండా నీళ్ళు పోసి పెట్టుకుని, నేల పైనుంచే తవ్వే ఓపెన్‌కాస్ట్ గనిలో బ్లాస్టింగు జరిగినప్పుడల్లా నీళ్ళు ఎంత కదిలాయో ఒక నోటుబుక్కులో రాసుకునేవాడు. బ్లాస్టింగు మధ్యాహ్నం రెండింటికి. ముందు సైరన్, ఎర్రజెండాలు, ఆ తర్వాతే పేలుడు. అది రూలు.

ఆ మంగళవారం నాలుగూ ముప్పై రెండుకు, సైరన్ లేకుండా గ్లాసులో నీళ్ళు కదిలాయి.

లింగమూర్తి కళ్ళజోడు పెట్టుకుని చూశాడు. గురువారం చూశాడు. శనివారం చూశాడు. నోటుబుక్కులో ఇలా రాశాడు: "చిన్నవి ఎనిమిది. పెద్దది ఒకటి. పెద్దదాని వెనక ఇంకొకటి, అర సెకను లేటు." రాసింది మూడు వారాలు సరిచూసుకున్నాక, సైరన్ కొట్టకుండా దొంగతనంగా బ్లాస్టింగు చేస్తున్నారని సేఫ్టీ ఆఫీసుకు అర్జీ రాశాడు.

అర్జీ మీద సంతకాల కోసం తిరిగితే లైను లైనంతా కదిలింది. ఎవరింట్లో చూసినా గోడకో పగులు ఉండనే ఉంది. అన్నీ నాలుగున్నర పగుళ్ళే అని తేలింది. నుస్రత్ బేగం భర్త అస్గర్ మొదటి సంతకం పెట్టాడు. వాళ్ళ గోడ పగులు అంతకు ముందు రంజాన్‌కు గడియారం తగిలించబోయి ఆయనే మేకు కొట్టిన చోట ఉంది.

ఓపెన్‌కాస్ట్‌లో బ్లాస్టింగు దగ్గరుండి చేయించే ఓవర్‌మాన్ ఎవరంటే, జాన్ ప్రసాద్. శుక్రవారం ఆయన చేతికి సంజాయిషీ అడిగే మెమో వచ్చింది. ఆ సాయంత్రం ఆయన టీ ముట్టలేదు.

"ఇరవై రెండేండ్ల సర్వీసు. నా చేతుల ఒక్క షాటు గూడ టైం తప్పలే. గిప్పుడు లేటు షాటు అని రాసిండ్రే! లేటు షాటు అంటే ఏందో ఎర్కనా నీకు? పేలకుంట ఆగిన మందు. మనుషులు దగ్గరికి పోయినంక పేల్తది. గది నా పేరు మీద రాసిండ్రు."

శాలినికి గుండె చెరువయింది. భర్తను ఇలా ఎప్పుడూ చూడలేదు.

"ఫికర్ చెయ్యకుండ్రి," అంది.

"మీ కూటంల నా కోసం ప్రార్థన చెయ్యిండ్రి. మూడు రోజులు సాలవు. ఇంకో రోజు పెంచుండ్రి."

కెరోలిన్‌కు కూడా రోజులు చాలక ఇబ్బందిగానే ఉంది. బుధవారం కలిపారు. శాలిని ఆ బుధవారం భర్తను తలచుకుని, రోజూ కంటే గట్టిగా మడమ కొట్టింది. అది కూడా లేటుగానే కొట్టింది. "విచారణ నడుస్తున్నా లెక్క చేయక బుధవారం కూడా మొదలుపెట్టినారు, లేటు షాటు బలం పెరిగింది," అని లింగమూర్తి రెండో అర్జీ పెట్టాడు.

ఇక జాన్ ప్రసాద్‌కు తన కిందివాళ్ళ మీదే అనుమానం వచ్చింది. తనకు తెలియకుండా ఎవరో మందు పేలుస్తున్నారని, రోజూ నాలుగింటి నుంచి ఐదింటి దాకా గనిలో ఒక్కడే కాపలా కాశాడు. ఎవరూ దొరకలేదు. ఆయన మాత్రం దొరికాడు. "సరిగ్గ నాలుగున్నరకు జాన్ ప్రసాద్ బ్లాస్టింగు జాగల ఒక్కడే ఉంటుండు," అని ఎవరో సేఫ్టీ ఆఫీసర్ రఘుపతి చెవిలో వేశారు. మెమో కాస్తా ఛార్జిషీటు అయింది.

శనివారం రాత్రి భోజనాలకు ముందు, జాన్ ప్రసాద్ ఛార్జిషీటుకు జతచేసిన నోటుబుక్కు జిరాక్సు తెచ్చి భార్య ముందు చదివాడు. శాలిని చిక్కుడుకాయలు తుంచుతోంది.

"మంగళ, గురు, శని. నాలుగు ముప్పై రెండు. ఎనిమిది చిన్నయి. పెద్దదొకటి. ఎనకనే లేటు షాటు. మల్ల ఎనిమిది చిన్నయి. పెద్దదొకటి. ఎనకనే లేటు షాటు. గిదేం బ్లాస్టింగే? గిట్ల ఎవడన్న పేలుస్తడా?"

చిక్కుడుకాయ చేతిలోనే ఆగిపోయింది. పీట పక్కన శాలిని కుడి మడమ తనంతట తానే నేలను తాకింది. అర క్షణం లేటుగా.

మొగుడి నౌకరీకి తన మడమ ఎసరు పెట్టిందని తెలిసిన ఆ నిమిషంలో శాలినికి సిగ్గు, భయం, ఏడుపు మూడూ కలిసి వచ్చాయి. చెప్పేద్దామని నోరు తెరిచింది. అంతలో ఆయనే అన్నాడు.

"మంగళవారం రఘుపతి సారు కాక ఇంట్ల నేల అదురు కొలిచే మీటర్ పెడ్తడట. నన్ను గూడ ఆడనే నిలబడుమన్నడు."

"ఆ రోజు ఏం రాకపోతే మంచిదే గద?"

"యాడి మంచిది? నేను కాక ఇంట్ల ఉన్న గబట్టే గనిల పేలలే అంటరు. చేసింది నేనేనని ఖాయమైతది."

శాలిని నోరు మూసుకుని చిక్కుడుకాయల వైపు తిరిగింది.

ఆదివారం చర్చి నుంచి రాగానే శాలిని అనసూర్య ఇంట్లో మిగతా ఏడుగురినీ కూర్చోబెట్టి సంగతి చెప్పింది. ముందు ఎవరూ నమ్మలేదు. తర్వాత అందరూ ఒక్కసారే తమ కాళ్ళ వైపు చూసుకున్నారు.

"క్లాసు బంద్ పెడ్దాం," అంది అనసూర్య.

"మా ఆయనే పైలా సంతకం చేసిండు. నేను గీడ దుంకుతున్నా అని తెలిస్తే ఎట్లమ్మా?" అంది నుస్రత్ బేగం.

"పోయి సారుకు చెప్పరాదు అక్కా?" అంది కెరోలిన్.

"చెప్తే ఏమంటరు? మొగుని నౌకరీ కోసం పెండ్లాం అబద్ధమాడుతుంది అంటరు. మన మాట వద్దు, మీటర్ చెప్పాలె. ఆయన ఆ మీటర్ పక్కన నిలబడి ఉన్నప్పుడే మోగాలె. మంగళవారం మనం ఆడాలె. గట్టిగ ఆడాలె."

"తర్వాత తలుపు కొడ్తరు గదా?" అంది అనసూర్య.

"కొట్టనియ్," అంది శాలిని. ఆ మాట అన్నాక కొంచెం నీళ్ళు తాగింది.

మంగళవారం నాలుగుంబావుకు లింగమూర్తి రిటైర్‌మెంట్ నాటి బూట్లు, టోపీ వేసుకుని సిద్ధంగా ఉన్నాడు. ముందు గదిలో నేల మీద వైబ్రేషన్ మీటర్ పెట్టారు. రఘుపతి గనికి ఫోన్ చేసి మిషన్లన్నీ ఆపించాడు. జాన్ ప్రసాద్ గోడకు ఆనుకుని, శిక్ష వినబోయే మనిషిలా నిలబడ్డాడు. నాలుగున్నర అయింది. మీటర్ కదల్లేదు.

"చూసిండ్రా సార్? గీయన ఈడుంటే ఆడ పేలదు," అన్నాడు లింగమూర్తి.

పైన కెరోలిన్‌కు ముందు నిలబడే ధైర్యం చాలలేదు. "అక్కా, ఇయ్యాల ముందర నువ్వే నిలబడు. నువ్వే లీడ్," అని వెనక్కి జరిగింది. శాలిని జీవితంలో మొదటిసారి ముందు నిలబడింది. ముందున్న మనిషికి ఒక సుఖం ఉంది. ఆమె లేటు కావడానికి వీల్లేదు. ఆమె మడమ ఎప్పుడు పడితే అదే టైం.

ఎనిమిది చిన్నవి. ఒక పెద్దది.

మీటర్ గీత లేచింది. రఘుపతి ఫోన్‌లో "పేల్చిండ్రా?" అని అరిచాడు. "లేద్సార్, ఈడ పిట్ట గూడ లేదు," అని జవాబు వచ్చింది. మళ్ళీ ఎనిమిది చిన్నవి, ఒక పెద్దది. గూట్లోంచి స్టీలు గ్లాసు కింద పడింది. రఘుపతి మెల్లగా తల ఎత్తాడు. ఆపేసి ఉన్న ఫ్యాను ఊగుతోంది.

ముప్పై నాలుగేళ్ళు పైకప్పు చూసి ప్రాణాలు కాపాడిన లింగమూర్తి, రిటైరయ్యాక ఒక్కసారీ పైకి చూడలేదు. ఇప్పుడు చూశాడు. మూలనున్న కర్ర తీసి, పాత అలవాటు కొద్దీ కప్పును మూడుసార్లు తట్టాడు. పైన ఉన్నవాళ్ళు అది కొత్త దరువనుకుని ఇంకో ఎనిమిది వేశారు.

రఘుపతి మీటర్ చేత పట్టుకోగా ముగ్గురూ మెట్లెక్కారు. తలుపు తీసింది అనసూర్య. గుమ్మంలో సేఫ్టీ ఆఫీసర్, సర్దార్, ఓవర్‌మాన్ వరసగా నిలబడ్డారు. లోపల, నడుముకు గవ్వల పట్టీలు కట్టుకుని, చెమటలు కారుతూ మిగతా ఏడుగురు ఆడవాళ్ళు. అందరికంటే ముందు శాలిని.

"శాలిని... ప్రార్థన?" అన్నాడు జాన్ ప్రసాద్.

"గిదే," అంది ఆమె తల దించుకుని. "దేవుడు విన్నడో లేదో గని, మీటర్ అయితే విన్నది. నా మడమ తోటి మీ పేరు పోవద్దని ఆడిన. ఇంటికి పోయినంక ఎంతన్న తిట్టుండ్రి."

జాన్ ప్రసాద్ ఆమె కాళ్ళ వైపు చూశాడు. తర్వాత రఘుపతి చేతిలోని మీటర్ అందుకుని, దాని మీది గీతలను వేలితో లెక్కపెట్టాడు. ఇరవై రెండేళ్ళుగా గీతలు చదివిన కళ్ళు అవి.

"సార్," అన్నాడు. "ఎనిమిది చిన్నయి, ఒకటి పెద్దది. లేటు షాటు లేదు. ఒక్కటి గూడ లేదు. గది రిపోర్టుల రాయాలె."

"ఏం రాయాలె? ఛార్జిషీటు తీసేస్తున్న అని రాస్త గదయ్యా."

"గది సరే సార్. మా ఇంటామె టైం తప్పలే అని గూడ రాయుండ్రి."

శాలినికి అప్పుడు వచ్చింది ఏడుపు. నుస్రత్ బేగం కొంగు అందించింది.

వారంలో అన్నీ సర్దుకున్నాయి. పగుళ్ళకు కారణం తమ ఇంటి ఆడవాళ్ళ మడమలని తేలడంతో, సంతకాలు పెట్టిన వాళ్ళంతా అవి పాత పగుళ్ళేనని ఒప్పుకున్నారు. అస్గర్ మేకు చుట్టూ తనే సిమెంటు పూసుకున్నాడు. జాన్ ప్రసాద్ కూటానికి అడ్డు చెప్పలేదు గానీ, ఇంట్లో దాన్ని ఏమని పిలవాలో తేల్చుకోలేక "మీ డ్యూటీ" అనడం మొదలుపెట్టాడు. లింగమూర్తి ఒక్కడే బాధపడ్డాడు, తన నోటుబుక్కులోని ప్రతి అక్షరం నిజమైనా ఎవరూ మెచ్చుకోలేదని. అది చూసి శాలినే వెళ్ళి, "కాకా, మా అడుగుల లెక్క నీ అంత మంచిగ రాసినోళ్ళు లేరు. ఇంకమీదట మా ఆట నువ్వే చూడాలె," అని ఆ పని అప్పగించింది.

కాకకు రూలంటే రూలే. కంపెనీ దినోత్సవం నాడు స్టేజీ పక్కన ఎర్రజెండా పట్టుకుని మూడుసార్లు విజిల్ ఊదాకే ఆట మొదలైంది. ఆట అయ్యాక ఆయన స్టేజీ అంతా తిరిగి చూసి, అంతా క్షేమం అని పచ్చజెండా ఊపేదాకా, ముందు వరసలోని జనరల్ మేనేజర్ చప్పట్లు కొట్టలేదు.