జేజేలు పలికే గేటు

ఒక పెద్ద అడవిలో, ఫ్లాపీలు వాడే రోజుల్లో, సింహంగారు ఆఫీసులన్నిటికీ కంప్యూటర్లు పెట్టించారు. నీళ్ల పంపకానికో ప్రోగ్రాం ఫైలు, హాజరుకో ఫైలు, సరిహద్దు గేటు తియ్యడానికో ఫైలు. వాటన్నిటినీ రాసింది ఒక నక్క. దాని పేరు మాత్రం ఎక్కడా పడలేదు. అదే దాని కడుపుమంట.

"ఇంత చాకిరీ చేస్తే ఒక్కడైనా నా పేరెత్తడే!" అని కుళ్లి కుళ్లి, చివరికి ఓ బుల్లి ప్రోగ్రాం రాసింది.

అది విడిగా బతకదు. ఏదో ఒక ఫైలు తోకకు అతుక్కుంటుంది. ఆ ఫైలును ఎవరు నడిపినా ముందు తనే లేచి, తెర మీద "నక్కగారికి జై" అంటుంది. తర్వాత ఇంకో ఫైలును వెతికి, దాని తోకకూ తన నకలు అంటిస్తుంది. ఆ పైనే అసలు పనికి దారి వదులుతుంది.

పని ఆగడం లేదు కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. ఆఫీసు నుంచి ఆఫీసుకు ఫ్లాపీలు మోసే కాకి పుణ్యమా అని ఆ జై అడవంతా పాకింది.

"కంప్యూటరు ఊరికే అంటుందా? నక్కలో ఏదో ఉండే ఉంటుందయ్యా," అన్నాడు పెద్దాఫీసరు ఏనుగు. వెంటనే ప్రమోషన్ ఇచ్చేశాడు.

ఆ సంబరంలో నక్క కోడిని తిందామని ఊరి మీద పడింది. కుక్కలు తరుముకొచ్చాయి. రొప్పుతూ అడవి గేటు దగ్గరకొచ్చి, "ఎలుగు బాబాయ్, గేటు తియ్యి!" అని అరిచింది.

కాపలా ఎలుగుబంటి మీట నొక్కింది. తెర మీద జై. మళ్లీ జై. ఆ వెనకే ఇంకో జై.

గేటు సందులోంచి తెర చూస్తున్న నక్కకు అప్పుడు వెలిగింది. ఇదివరకే అంటుకున్న ఫైలును వదిలెయ్యమని తన ప్రోగ్రాంకు చెప్పడం మరిచిపోయింది! అంటుకున్నదానికే పదేపదే అంటుకుని గేటు ఫైలు గుమ్మడికాయలా ఉబ్బిపోయింది.

"ఆపెయ్ బాబాయ్! ఆ జేజేలు నాకొద్దు!"

"అమ్మమ్మా! తమరి జేజేలు మధ్యలో ఆపితే నా ఉద్యోగం ఉంటుందా సార్?" అని ఎలుగుబంటి భక్తిగా చేతులు కట్టుకుని నిలబడింది.

గేటు తెరుచుకునేసరికి బయట నక్క తోక ఒక్కటే మిగిలింది.

సంతాప తీర్మానం చదవడానికి ఏనుగు కంప్యూటరు తెరిచాడు. ముందు జేజేలు మొదలయ్యాయి. అవి అయ్యేదాకా కూర్చోవడం మర్యాద కాదని సభంతా లేచి నిలబడింది. ఇప్పటికీ నిలబడే ఉందట.

నీతి: భజన ఎంతైనా చేయించుకోండి, గేటు మాత్రం చేత్తో తీసేదే పెట్టించుకోండి.