పది సంతకాల ఓటు

తొమ్మిదింటికి వెళ్ళడం, పేరు రాయించుకోవడం, పదింటికల్లా తిరిగొచ్చి సగంలో ఉన్న రెండు చొక్కాలకు కాలర్లు కుట్టడం. ఆ పొద్దున్న టైలరమ్మ వేసుకున్న పథకం ఇంతే. వార్డు ఎన్నికలకు ఓటరుగా పేరు చేర్చుకోవడానికి అదే ఆఖరి రోజు.

కిందటిసారి గంటన్నర వరుసలో నిలబెట్టి, జాబితాలో పేరు లేదని ఆమెను వెనక్కి పంపించేశారు. అది మొదలు, షాపు ముందు వీధిదీపం వెలగడం లేదని ఎప్పుడు చెప్పినా వార్డు మెంబరుది ఒకటే జవాబు: "నీకు ఓటే లేదు కదమ్మా, దీపం ఎందుకు?" తొమ్మిదేళ్ళుగా ఆ సందులో ఉంటూ వార్డులో సగంమందికి బట్టలు కుట్టిన మనిషికి, ఆ మాట ఒళ్ళంతా కారం రాసినట్టుండేది.

"అక్కడ ఎవర్నైనా అడిగి వరుసలో నిలబడు," అన్నాడు మొగుడు, బాగుచేస్తున్న కుట్టుమిషన్ మీంచి తలెత్తకుండా. "అడగందే అమ్మయినా పెట్టదు."

"నేనెవర్నీ అడగనండీ. గోడమీద రాసుంటుంది. చదువొచ్చు నాకు."

గోడమీద రాసే ఉంది. ఎడమవైపు 'ఓటరు నమోదు', కుడివైపు 'నామినేషన్లు'. అయితే ఆ ఆఫీసులో ఉన్నది ఒకే ఒక్క ఫ్యాను, అదీ ఎడమవైపు. నామినేషన్ల గుమాస్తా సీనియరు కాబట్టి, ఆ పొద్దున్నే తన బల్లను ఫ్యాను కిందికి జరిపించుకుని, నమోదు గుమాస్తాను అవతలికి తోశాడు. గోడమీది అక్షరాలు మాత్రం ఉన్నచోటే ఉన్నాయి.

ఫ్యాను కింది గుమాస్తా నాలుగు పేజీల ఫారం ఇచ్చాడు. "వార్డు ఓటర్లు పదిమంది సంతకాలు పెట్టాలమ్మా."

"పదిమందా? పేరు గల్లంతు చేసింది మీరు, మనుషుల్ని పోగేసేది నేనా?"

"రూలమ్మా."

"రూలయితే పదకొండు తెస్తాను!"

ఫారం పైన ఏం రాసుందో చదవడానికి ఆవేశం అడ్డొచ్చింది. సందులోకి వచ్చి, ఇస్త్రీ బండి దగ్గర మొదలుపెట్టింది. "నాకు ఓటు లేకుండా చెయ్యాలని చూస్తున్నారు. పెట్టు సంతకం!" ఇస్త్రీ అతను పెట్టాడు. సైకిల్ షాపతను పెట్టాడు. రిటైరైన మాస్టారు మాత్రం కాగితం మొత్తం చదివి, కళ్ళజోడు తీసి ఆమెవంక ఎగాదిగా చూశాడు.

"బాగా ఆలోచించుకునే దిగుతున్నావా అమ్మా?"

"తొమ్మిదేళ్ళ నుంచీ ఆలోచిస్తున్నాను మాస్టారూ!"

ఆయన చలించిపోయి సంతకం పెట్టడమే కాక, వెంట బయల్దేరాడు. ఆయన్ని చూసి మిగతావాళ్ళూ కదిలారు. ఆమె మళ్ళీ ఆఫీసు చేరేసరికి వెనకాల పాతికమంది ఉన్నారు. గుమాస్తా బొమ్మలున్న కాగితం ముందు పెట్టి, ఒకటి ఎంచుకోమన్నాడు. సంతకం రానివాళ్ళ సౌకర్యం కాబోలనుకుని ఆమె కత్తెరమీద వేలు పెట్టింది. బయట జనం ఒక్కసారిగా చప్పట్లు కొట్టారు. ఒక్క ఓటుకు ఇంత సంబరమా అని టైలరమ్మకు కళ్ళు చెమర్చాయి.

కబురందిన వార్డు మెంబరు స్కూటరు స్టాండు కూడా వెయ్యకుండా పరిగెత్తుకొచ్చాడు. "అమ్మా, ఆ ఫారం వెనక్కి తీసుకో. సాయంత్రానికల్లా దీపం వేయిస్తాను."

"దీపానికి నా ఓటు అమ్ముకోమంటారా? చచ్చినా తీసుకోను!"

"మర్యాదగా చెబుతున్నాను..."

"మర్యాదగానే వింటున్నాను. తీసుకోను!"

మెంబరు తెల్ల కాగితం లాక్కుని ఎన్నికల అధికారికి ఫిర్యాదు గీకాడు, సంతకం చేశాడు, ముద్ర వేశాడు. అధికారి పైకి చదివాడు: "ఈమె తొమ్మిదేళ్ళుగా మా వార్డు మూడో సందు చివరి ఇంట్లో ఉంటున్నదని నేను ఎరుగుదును. అయితే ఓటర్ల జాబితాలో పేరు లేదు. కనుక పోటీకి అనర్హురాలు."

"పోటీయా?" టైలరమ్మ దొరికిన కుర్చీలో కూలబడింది. "నేనొచ్చింది ఓటు కోసమండీ!"

చప్పట్లు ఆగిపోయాయి. మాస్టారు కళ్ళజోడు తుడుచుకోవడంలో మునిగిపోయాడు. ఆమెకు సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. మెంబరు పగలబడి నవ్వాడు. "ఏ ఫారం ఏదో తెలియని నీకు ఓటెందుకమ్మా?"

ఆ నవ్వే ఆమెను కుర్చీలోంచి లేపింది. "తెలియక తప్పు చేశాను. ఇప్పుడు తెలిసింది. ఆ రెండో ఫారం ఇటివ్వండి!"

ఆఫీసు మూసేందుకు ఇంకా పావుగంట ఉంది. నమోదు గుమాస్తా చెమట తుడుచుకుంటూ అడిగాడు. "కరెంటు బిల్లు మీ పేరున ఉందా?"

"అద్దిల్లండీ, ఇంటివాళ్ళ పేరున ఉంది." జన్మలో మొదటిసారి ఆమె ఇంకో మాట కూడా అడిగింది. "బిల్లు లేకపోతే ఏం కావాలి?"

"మీరు ఫలానా ఇంట్లో ఉంటున్నారని వార్డు మెంబరుగారు రాసివ్వాలి."

"నేనా? నా చేత్తోనా?" మెంబరు కడుపు పట్టుకుని నవ్వాడు. "నా కంఠంలో ప్రాణం ఉండగా రాయను!"

నమోదు గుమాస్తా అధికారి బల్లమీది ఫిర్యాదు తీసుకుని, మొదటి వాక్యం కింద గీత గీసి, ఆమె ఫారానికి గుండుసూదితో గుచ్చాడు.

"రాసిచ్చారుగా సార్. ముద్రతో సహా."

ఎన్నికల్లో ఆమె ఎవరికి ఓటు వేయలేదన్నది చట్టప్రకారం రహస్యమే. వార్డులో తెలియనివాళ్ళు మాత్రం లేరు.