హద్దు దాటని చుక్క

"వానలు మొదలయ్యాక మన రేవు యార్డు హద్దు దాటి ఒక్క మురికి చుక్క బయటికొచ్చినా నా పేరు మార్చుకుంటాను!" అని రేవుల మంత్రిగారు ప్రకటించారు. సభకు మైకు అద్దెకిచ్చింది నేనే కాబట్టి ఆ ప్రకటన అందరికన్నా ముందు నా చెవినే పడింది. ఆయన పేరు ఇప్పటికే రెండు వంతెనలకూ ఒక మరుగుదొడ్డికీ పెట్టి ఉంది. మార్చడమంటే మాటలా?

ఓడల్లోంచి దించిన బొగ్గు, గంధకం ఆ యార్డులో ఆరుబయటే గుట్టలు పోస్తారు. వాన పడితే ఆ గుట్టల్ని కడిగిన నీళ్ళు నల్లగా, పచ్చగా గోడ కింది తూముల్లోంచి మా అక్క వీధిలోకి వస్తాయి. కొన్ని అక్కడి బావుల్లో దిగుతాయి, మిగిలినవి సముద్రంలో కలుస్తాయి. మా అక్క బియ్యం కడిగితే బియ్యమే మురికవుతాయి. ఆమె కోరేది గొంతు తడుపుకోవడానికి మంచినీళ్ళు, అంతే. అందుకోసం పర్యావరణ అధికారి ఆఫీసు మెట్లు అరగదీసింది. ఆయన నిబద్ధత చూడండి, ఎన్నిసార్లు వెళ్ళినా ఒక్కసారి కూడా మాట మార్చకుండా తాను లేననే చెప్పించాడు.

పేరు కాపాడే మార్గం కోసం మంత్రిగారు మీటింగు పెట్టారు. మైకు నాదే.

"గుట్టల మీద షెడ్లు వెయ్యాలి సార్. మురికినీళ్ళు తేరుకోవడానికి ఒక గుంట తవ్వాలి" అన్నాడు ఇంజనీరు.

"షెడ్లేస్తే ఓడల్లో వచ్చే పెద్దమనుషులకి మన అభివృద్ధి ఎలా కనిపిస్తుందయ్యా?"

ఇంజనీరు కూర్చున్నాడు. పర్యావరణ అధికారి లేచాడు.

"సార్, చుక్క హద్దు దాటకూడదు. తమరన్నది అంతేగా?"

"అంతే."

"పారే నీళ్ళని ఆపడం కష్టం సార్. హద్దుదేముంది, జరిపితే జరుగుతుంది."

మంత్రిగారు కుర్చీలోంచి లేచి ఆయన్ని కౌగిలించుకున్నారు. నేను మైకు సౌండు పెంచాను.

మర్నాడే పసుపు గీత బయల్దేరింది. తూములు దాటింది, అక్క వీధిని చుట్టేసింది, ఒడ్డుకు చేరింది.

"సముద్రం కూడానా సార్?" అని అడిగాడు పెయింటరు.

"మొత్తం ఎందుకులే, పాపం. మన మురికి పోయినంత మేర చాలు" అన్నాడు అధికారి.

నీళ్ళ మీద రంగు నిలవదు కాబట్టి అక్కడ ఖాళీ డ్రమ్ములు వరసగా తేల్చారు.

మొదటి వాన దంచి కొట్టింది. వీధి నల్లబడింది, బావి పచ్చబడింది, ఒక్క చుక్క హద్దు దాటలేదు. పేపర్లన్నీ మంత్రిగారి ఫొటో వేశాయి. అక్క మాత్రం కొంగు దోపుకుని అధికారి మీదికి వెళ్ళింది. విజయం సాధించిన రోజు కాబట్టి ఆయన ఉన్నాడు.

"యార్డు నీళ్ళు మా బావిలో పడుతున్నాయయ్యా!"

"మీ బావి ఎక్కడుందమ్మా?"

"ఎక్కడుంటుంది? మీరేగా యార్డులో కలిపారు!"

"మరి యార్డు నీళ్ళు యార్డులో ఉంటే ఫిర్యాదేముంది తల్లీ?"

అక్కకు మాట రాలేదు. మంచి పరిపాలన అంటే అలా నోట మాట రానివ్వకూడదు.

అయినా మంత్రిగారిది వెన్నలాంటి మనసు. 'యార్డులో నిల్వ ఉన్న ప్రజల' కోసం మంచినీళ్ళ ట్యాంకరు పంపించి, రిబ్బను కత్తిరించడానికి తానే వచ్చారు. ట్యాంకరు గీత మీద పెట్టిన కొత్త గేటు దాకా వచ్చేసరికి అధికారి చేతులు చాచి అడ్డం నిలబడ్డాడు.

"ఈ నీళ్ళు గీత దాటితే కలుషితమైపోతాయి సార్! మన చట్టం ఉన్నదే నీళ్ళు పాడవకుండా చూడ్డానికి."

మంత్రిగారి కళ్ళు చెమర్చాయి. రిబ్బను బయటే కత్తిరించారు. ట్యాంకరూ బయటే ఆగింది.

బిందెతో వచ్చిన అక్క గేటు పట్టుకుని బతిమాలింది. "ఒక్క బిందె పట్టుకోనివ్వండయ్యా. గొంతు పిడచకట్టుకుపోతోంది."

"బిందెతో లోపలికి తీసుకెళ్ళకూడదమ్మా. మీరే బయటికొచ్చి ఎన్నైనా తాగండి, ఎవరు కాదన్నారు?" అన్నాడు అధికారి.

అక్క బయటికొచ్చింది. దోసిలి పట్టి గుటగుటా తాగింది. ఎంతో కాలానికి మా అక్క రంగులేని నీళ్ళు తాగుతుంటే, నిజం చెబుతున్నాను, నాకు ఏడుపొచ్చింది. మూతి తుడుచుకుని ఆమె ఇంటివైపు తిరిగింది. గేటు కాపలావాడు కర్ర అడ్డం పెట్టాడు.

"మంచినీళ్ళు లోపలికి పోకూడదమ్మా. ఆర్డరు."

"నా చేతిలో ఏముందయ్యా?"

"చేతిలో ఏం లేవమ్మా" అంటూ అతను మర్యాదగా ఆమె పొట్టవైపు చూశాడు.

అక్క మంత్రిగారి వైపు చూసింది. మంత్రిగారు అధికారి వైపు చూశారు. అధికారి చట్టానికి తలవంచాడు. కాపలావాడు సంస్కారం ఉన్నవాడు, సభలోంచి ఒక కుర్చీ తెచ్చి గీతకు ఇవతల వేశాడు.

"ఎంతసేపు కూర్చోవాలి నాయనా?"

"ఎంతోసేపు కాదులెండమ్మా. మళ్ళీ దాహం వేసేదాకా."