వేలానికొచ్చిన వినయం

ఆ ఆదివారం పొద్దున్నే దబీర్‌పురాలో కృష్ణయ్య ఉప్పునీళ్లు పుక్కిలిస్తూ గొంతు సరిచేసుకుంటున్నాడు. వారం తిరిగితే చర్చిలో కోతపండుగ. సంఘస్తులు తెచ్చిన గుమ్మడికాయలూ కోళ్లూ కేకులూ వేలం వేసి, వచ్చిన సొమ్ము మందిరానికి ఇస్తారు. ఏళ్ల తరబడి ఆ వేలం మైకు కృష్ణయ్యదే. రైల్వేలో రిటైరయ్యాక ఆయనకు గొంతెత్తి అరిచే చోటు అదొక్కటే మిగిలింది. ఇంట్లో ఆ అవకాశం భార్య నీలమ్మ ఎన్నడూ ఇవ్వలేదు.

ఆరాధన ముగిశాక పాస్టరుగారి అబ్బాయి అభిషేక్ లేచాడు. "పండుగకు ఎవలికి ఏ పని ఇయ్యాల్నో ఈసారి పర్సనాలిటీ టెస్టు చెప్తది. అందరి ఫోన్లకు పంపిన. ఉన్నదున్నట్టు నింపుండ్రి."

కృష్ణయ్య ఫోను తెరిచాడు. నలుగురిలో మాట్లాడటం మీకు ఇష్టమా అని మొదటి ప్రశ్న. ఇష్టమేమిటి, ప్రాణం! కానీ జవాబులు పాస్టరుగారు చూస్తారు. సంఘ పెద్ద అయ్యుండి తన గొప్ప తానే చెప్పుకుంటే ఏం బాగుంటుంది? 'లేదు' అని నొక్కాడు. పొగిడితే సంతోషిస్తారా? లేదు. అందరూ మీ మాట వినాలనుకుంటారా? అయ్యో, అసలే లేదు. "గింత వినయం జూసి అయ్యగారు మైకుతోని శాలువ గూడ కప్పుతడేమో," అన్నాడు నీలమ్మతో.

ఫలితాలు వచ్చాయి. కృష్ణయ్య 'త్యాగమూర్తి' అట. పని, కోళ్ల కాళ్లు కట్టడం. మైకు మాత్రం 'పుట్టు నాయకుడు' ప్రేమ్‌రాజ్‌కు దక్కింది. ప్రేమ్‌రాజ్ మలక్‌పేటలో బ్యాంకు గుమాస్తా, నలుగురిలో తన పేరు చెప్పుకోవడానికే చెమటలు పట్టే మనిషి. అతని టెస్టు నింపింది భార్య సోనీ. తనకు ఎలాంటి మొగుడు కావాలో అలా నింపింది.

కృష్ణయ్యకు కడుపు భగ్గుమంది. ప్రేమ్‌రాజ్ ఇస్త్రీ చొక్కా చూసినా మంటే, నవ్వితే పడే బుగ్గసొట్ట చూసినా మంటే. నీలమ్మకు తెలియకుండా ఇల్లిల్లూ తిరిగాడు.

"ఈసారి వేలంల ఎవ్వరు నోరు తెరవకుండ్రి. మైకు ఎవలికి పడితే వాళ్లకిస్తే ఏమైతదో అయ్యగారికి తెల్వాలె," అన్నాడు. పెద్దాయన మాట కాదనలేక అందరూ సరేనన్నారు.

పండుగనాడు మొదట వేలానికి వచ్చింది నీలమ్మ మురిపెంగా పెంచిన పుంజు.

"పు... పుంజు," అన్నాడు ప్రేమ్‌రాజ్ మైకులో. ఆపైన గొంతు పెగల్లేదు. ఇచ్చిన మాట ప్రకారం సంఘమంతా నోరు మూసుకుంది. కృష్ణయ్యకు పరమానందమైంది. పక్కకు చూసేసరికి నీలమ్మ కళ్లు తుడుచుకుంటోంది.

"నా పుంజు ఎవ్వలికీ అక్కెర లేదా?"

కృష్ణయ్య గుండె చివుక్కుమంది. "రెండొందలు!" అన్నాడు.

ప్రేమ్‌రాజ్ మైకు పట్టుకుని అలాగే నిలబడ్డాడు. ఇంకెవరూ పలకలేదు. ఆ నిశ్శబ్దాన్ని కృష్ణయ్య తట్టుకోలేకపోయాడు. "ఏందయ్యా గట్ల నిలబడ్డవ్? గంత పుంజుకు రెండొందలేనా? ఆ తోక జూడుండ్రి! ఐదొందలు! ఆ నడక జూడుండ్రి! వెయ్యి!"

వెనక బెంచీలోంచి డానియేలు వంగి, "పెద్దాయనా, నోరు తెరవొద్దని మీరే అంటిరి గదా?" అన్నాడు.

"నువ్వు మూస్కో! పదిహేనొందలు!"

పుంజు అయ్యాక గుమ్మడికాయ, ఆపైన కేకు, ఆపైన అరటిగెల. ప్రేమ్‌రాజ్ ఒక్కో పేరు చెప్పి బిక్కచచ్చి నిలబడతాడు. వాడికి చేతకానిది తానెలా చేస్తాడో చూపాలని కృష్ణయ్య లేచి అరుస్తాడు. తన పాట మీద తానే పాడి, సాయంత్రానికి మొత్తం కొనేశాడు.

పాస్టరుగారు ఆనందంతో ప్రేమ్‌రాజ్ భుజం తట్టారు. "ఇంత మంచి వేలం మన సంఘంల ఎన్నడూ కాలేదు. వచ్చే ఏడు గూడ మైకు నీదే!"

"కృష్ణయ్య అంకుల్ త్యాగమూర్తి అని టెస్టు ముందే చెప్పింది!" అన్నాడు అభిషేక్. చప్పట్లు మోగిపోయాయి.

ఇంటికి వెళ్లే ఆటోలో గుమ్మడికాయల మధ్య ఇరుక్కుని కూర్చున్న కృష్ణయ్య పళ్లు నూరాడు. "గా టెస్టు మొత్తం తప్పు!"

ఒళ్లో పుంజును నిమురుతూ నీలమ్మ అంది: "నిన్ను తెల్సుకోనీకి టెస్టెందుకయ్యా? మైకు ఇంకొకనికిస్తే సాలు."