దూలయ్య సారు ఒక్కరోజు నిరుద్యోగం

భద్రాచలం అడవి అంచున వెలసిన విశ్వవిద్యాలయంలో ‘ఆచార్యులకు శాశ్వత కొలువు అవసరమా?’ అనే అంశంపై మహాచర్చ జరుగునని ఇందుమూలముగా ప్రకటించారు. కుర్చీలు వేయించే బాధ్యత కాంట్రాక్టు లెక్చరర్ దూలయ్యది. కుర్చీల విషయంలో ఆయన అనుభవం గొప్పది. వేయడమే తప్ప ఎక్కడం ఎరుగడు.

పైగా ఆ రోజు ఆయన ఖాళీ. జుట్టు నల్లగా ఉన్నప్పటి నుంచీ పాఠాలు చెబుతున్నా, ఏటా ఒక రోజు ఆయనను కొలువులోంచి తీసేసి మర్నాడు మళ్లీ చేర్చుకుంటారు. ఆగకుండా పనిచేస్తే పర్మనెంటు చేయమంటాడన్న ముందుచూపు! చర్చ సరిగ్గా ఆ రోజే పడింది.

“ఇయ్యాల జర నోరు మూస్కోయ్యా. రేపు తీస్కోకపోతే పాల్వంచల బజ్జీల బండి పెట్టుకోవాలె,” అని భార్య సైదమ్మ పొద్దున్నే హెచ్చరించింది.

“గా బండన్న పర్మనెంటే గదనే!” అంటూ బస్సెక్కాడు.

సభలో పర్మనెంటు ఆచార్యులు హరిప్రసాద్ గారు లేచారు. పర్మనెంటైన నాటి నుంచి తరగతి గదిని తొక్కి మాపని పుణ్యాత్ములు. “కొలువు పోతుందన్న భయం లేని గురువే నిర్భయంగా సత్యం పలుకుతాడు!” అని గర్జించారు. చప్పట్లు. అక్కడే రిటైరైన ప్రేమ్‌సాగర్ గారు, పెన్షను అందుకునే చేత్తోనే బల్ల గుద్ది, “శాశ్వత కొలువే సోమరితనానికి పుట్టిల్లు!” అన్నారు. మళ్లీ చప్పట్లు.

మైకు గరగరలాడితే సరిచేయడానికి దూలయ్య వేదికెక్కాడు. వెనక నుంచి పిల్లలు, “దూలయ్య సార్ మాట్లాడాలె!” అని గోల పెట్టారు.

“ఇయ్యాల నాకు కొలువే లేదు, ఇగ పోతదన్న భయమెక్కడిది? హరిప్రసాద్ సారు చెప్పినట్టు సత్యమే చెప్త. ఆయన స్పీచు నేనే రాసిన. దాన్ని కొట్టిపారేసే స్పీచు గూడ నేనే రాసిన. ఆయన క్లాసులు గూడ నేనే చెప్తున్న. పర్మనెంటు ఎవరికుండాలెనో ఇగ మీరే చెప్పుండ్రి!”

హాలు ఈలలతో అదిరింది. విశ్వవిద్యాలయ కమిటీ అత్యవసరంగా కూర్చొని తేల్చింది: కొలువు లేని దూలయ్య మహా ప్రమాదకరం, ఆయన ఒక్క పూట కూడా కొలువు లేకుండా ఉండరాదు. వెంటనే పర్మనెంటు చేశారు.

ఇప్పుడు దూలయ్య గారికి ఏ భయమూ లేదు. అందుకే ఏమీ మాట్లాడరు. “ఏందయ్యా, నోరు పడిపోయిందా?” అని సైదమ్మ అడిగితే, “ఇప్పుడు పోయేటందుకు ఒక కొలువుంది గదనే,” అంటారు.

ఈ ఏటి చర్చలో నిర్భయ సత్యం గురించి ఆయన అద్భుతంగా ప్రసంగించారు. రాసిచ్చింది కొత్త కాంట్రాక్టు లెక్చరర్ సోని. ఏటా ఆమె కొలువు ఊడే ఆ ఒక్క రోజును మాత్రం విశ్వవిద్యాలయం ఆదివారానికి మార్చింది. ఆ రోజు ఆమె ఏ సత్యమైనా నిరభ్యంతరంగా చెప్పుకోవచ్చు. వినడానికి ఆదివారం పూట మనమెవరమూ రాము కదా!